తీగకు ఎత్తునిచ్చిన చేతులు: చెట్టుపైకి రేడియో ఏరియల్ – పాలకుర్తి ప్రాంత వృత్తిపదాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

హ్యామ్ రేడియో నడిపేవారికి యంత్రం ఎంత ముఖ్యమో, ఏరియల్ తీగకు తగిన ఎత్తు కూడా అంతే ముఖ్యం. ఇనుప స్తంభం వేసుకొనే స్తోమత లేనిచోట, విపత్తు వేళ స్తంభం నిలబెట్టే వ్యవధి లేనిచోట చెట్టే ఆధారం. చెట్టుపైకి తీగను చేర్చే పనికి ప్రపంచ రేడియో చరిత్రలో ఉన్న స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పనికి అవసరమైన నేర్పు, పనిముట్లు, పదాలు జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతపు వృత్తిజీవనంలో ఎలా ఉన్నాయో వివరిస్తుంది. ఎత్తు సాధించడానికి మనిషిని ఎక్కించడం, తాడును ఎక్కించడం అనే రెండు మార్గాలను పోల్చి, వాటి వెనుక ఉన్న శ్రమకు, భాషకు దక్కవలసిన గుర్తింపును చర్చిస్తుంది.

కీలకపదాలు: హ్యామ్ రేడియో, ఏరియల్, మోకు, వడిసెల, గిరక, కల్లుగీత, వృత్తిపదాలు, జానుతెనుగు, పాలకుర్తి.

1. ఉపోద్ఘాతం

లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ అనుమతితో, వైర్‌లెస్ ద్వారా పరస్పరం సంభాషించుకొనే ఔత్సాహికులను హ్యామ్‌లు అంటారు. వీరి కార్యకలాపాలను గురించి తెలుగులో వచ్చిన పరిచయ రచనలు సాధారణంగా యంత్రం చుట్టూ, సంకేతాల చుట్టూ, విపత్తులలో చేసిన సేవల చుట్టూ తిరుగుతాయి. ఆ యంత్రం నుంచి బయలుదేరిన తీగ పైకి ఎలా వెళ్ళిందన్న ప్రశ్న వాటిలో అరుదుగా కనిపిస్తుంది. అది చిన్న పనిగా, చెప్పనవసరం లేని పనిగా మిగిలిపోయింది.

రేడియోకు మనం పెట్టుకొన్న పేరులోనే ఈ మరుపు కనిపిస్తుంది. 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన కేంద్రంతో వ్యాప్తిలోకి వచ్చిన ‘ఆకాశవాణి’ అనే పేరును 1957లో ఆలిండియా రేడియో స్వీకరించింది. పురాణాలలో ఆకాశవాణికి వక్త కనిపించడు, ఆధారమూ కనిపించదు. నిజమైన ఆకాశవాణికి మాత్రం నేలమీద పాతిన స్తంభమో, కొమ్మకు కట్టిన తాడో, ఆ తాడును పైకి పంపిన చేయో ఉండి తీరాలి. ఆ చేతిని చరిత్రలో వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు పాలకుర్తి ప్రాంతాన్ని ఆధారంగా తీసుకోవడానికి కారణాలు మూడు. మొదటిది, శ్రామిక కులాల భక్తులను కావ్యనాయకులుగా నిలిపి, జానుతెనుగును ఆదరించిన పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన ఊరు ఇది. రెండవది, తాటిచెట్టు ఎక్కే గీతవృత్తికి ఈ నేలమీద దీర్ఘమైన చరిత్ర ఉంది. మూడవది, రాయిని గురి చూసి దూరం పంపే వడిసెల ఇక్కడి పంటచేలలోనూ, తెలంగాణ రైతాంగ పోరాటంలోనూ పనిచేసిన సాధనం. ఎక్కడం, విసరడం, తాడు పట్టడం అనే ఈ మూడు నేర్పులే చెట్టుకు ఏరియల్ కట్టే పనికి మూలాలు.

2. తీగకు ఎత్తు ఎందుకు?

హ్యామ్‌లు విస్తృతంగా వాడే ఏరియల్ ‘డైపోల్’. ఒక రాగితీగను సరిగ్గా మధ్యకు తెంచి, రెండు ముక్కల మధ్య ఇన్సులేటర్ ఉంచి, అక్కడి నుంచి కేబుల్‌ను కిందికి దింపుతారు. తీగ మొత్తం పొడవు వాడే తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉంటుంది. 143ను మెగాహెర్ట్జ్‌లలో చెప్పిన పౌనఃపున్యంతో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. ఆ లెక్కన 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20 మీటర్ల తీగ, 3.6 మెగాహెర్ట్జ్‌కు సుమారు 40 మీటర్ల తీగ అవసరం.

పొడవు కుదిరితే తీగ పనిచేస్తుంది. ఆ పని ఎవరిదాకా చేరుతుందన్నది ఎత్తు నిర్ణయిస్తుంది. తీగనుంచి వెలువడిన తరంగాలలో కొన్ని నేలను తాకి పైకి మళ్ళుతాయి. నేరుగా వెళ్ళినవి, మళ్ళినవి కలిసే తీరు తీగ ఎత్తును బట్టి మారుతుంది. తీగ సగం తరంగదైర్ఘ్యం ఎత్తున, అంటే 7.1 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 21 మీటర్ల ఎత్తున ఉంటే, శక్తిలో అధికభాగం దిగంతం వైపు వాలుగా ప్రసరిస్తుంది. అయనావరణం దానిని వేల కిలోమీటర్ల దూరాన తిరిగి నేలకు దింపుతుంది. అదే తీగ 5 నుంచి 10 మీటర్ల ఎత్తున ఉంటే శక్తి దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్ళి, చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగులా కిందికి పరుచుకొంటుంది.

ఈ భేదాన్ని స్థానికంగా అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. పాలకుర్తి నుంచి హైదరాబాదుకు మాట చేర్చడానికి వేపచెట్టు కొమ్మ ఎత్తు చాలు. పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ ప్రాంతాలు అందుకు సాధారణంగా అనువుగా ఉంటాయి. ఖండాంతరాలకు చేర్చాలంటే ఎదిగిన తాటిచెట్టంత ఎత్తు కావాలి. కాబట్టి ‘ఎత్తు ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న సాధారణ నమ్మకాన్ని ‘ఎవరితో మాట్లాడాలో దానికి తగిన ఎత్తు మంచిది’ అని సవరించుకోవాలి. సామాన్యులకు అందుబాటులో ఉన్న ఇలాంటి రెండు ఎత్తులనూ మన ఊళ్ళలోని చెట్లే ఇవ్వగలవు.

3. గాలిపటం నుంచి చెట్టు దాకా

దూరసంచార చరిత్రలో ప్రసిద్ధమైన తొలి ఘట్టమే ఎత్తుకోసం పడిన పాట్లతో నిండి ఉంది. 1901 డిసెంబరు 12న మార్కొని న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద, ఇంగ్లండులోని పోల్ధూ కేంద్రం పంపిన సంకేతాన్ని విన్నట్లు ప్రకటించాడు. అక్కడ అతనికి స్తంభం లేదు. దాదాపు 150 మీటర్ల తీగను గాలిపటానికి కట్టి ఎగరవేశారు. విపరీతమైన గాలిలో బెలూను కొట్టుకుపోయింది. గాలిపటం ఊగిన కొద్దీ తీగ ఎత్తు మారిపోయింది. అంత గాలిలో గాలిపటాన్ని నిలబెట్టడంలో సహాయకులు కెంప్, పేజెట్‌ల శ్రమ ఉంది. చరిత్రలో సంకేతం విన్న చెవి నిలిచినంతగా దారం పట్టిన చేయి నిలవలేదు.

చెట్టును నేరుగా ఏరియల్‌గానే వాడవచ్చునా అన్న ప్రశ్న కూడా తొలినాళ్ళలోనే పుట్టింది. అమెరికా సైన్యానికి చెందిన జార్జి ఓవెన్ స్క్వయర్ 1904లో కాలిఫోర్నియాలో నీలగిరి (యూకలిప్టస్) చెట్టుకు మేకు దిగగొట్టి, దానికి తీగ కలిపి సంకేతాలను గ్రహించే ప్రయోగాలు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1919లో, ఆ అనుభవాలను చెట్ల ద్వారా మాట్లాడటం అనే అర్థం వచ్చే శీర్షికతో ప్రకటించాడు. గ్రహించడానికి కొంతమేర పనికివచ్చిన ఈ పద్ధతి ప్రసారానికి నిలవలేదు. జీవమున్న చెట్టులోని తడి తరంగశక్తిని తనలోకి తీసుకొంటుంది. దీనినుంచి తేలిన సూత్రం ఇది: చెట్టు తీగను మోయాలి, తీగ చెట్టును అంటకూడదు. అందుకే నేటికీ హ్యామ్‌లు తీగ చివర ఇన్సులేటర్ ఉంచి, దానికీ కొమ్మకూ మధ్య కొంత దూరం తాడునే వదులుతారు.

భారతదేశంలో ఎత్తు మరో సమస్యను తెచ్చింది. తీగ ఎంత పైన ఉంటే అంత స్పష్టంగా కంటపడుతుంది. 1942 క్విట్ ఇండియా ఉద్యమకాలంలో ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియో 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యంపై పలికింది. లెక్కిస్తే అది 7.08 మెగాహెర్ట్జ్, అంటే నేడు హ్యామ్‌లు ‘40 మీటర్లు’ అని పిలిచే పరిధిలోనిదే. రేడియో సాంకేతికుడైన నారిమన్ ప్రింటర్ దానికి యంత్రం సమకూర్చాడు. పోలీసుల కన్నుగప్పడానికి కేంద్రాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చవలసివచ్చింది. ఆ ఏడాది నవంబరులో నిర్వాహకులు పట్టుబడ్డారు. యంత్రాన్ని పెట్టెలో దాచవచ్చు. ఆ తరంగానికి కావలసిన దాదాపు 20 మీటర్ల తీగను దాచడం కష్టం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఔత్సాహికుల లైసెన్సులను నిలిపివేయడం వెనుక ఉన్నది కూడా ఈ మాధ్యమపు శక్తిని గురించిన భయమే.

తెలుగునాట రేడియో ప్రధానంగా సంస్థల స్తంభాల మీద ఎదిగింది. హైదరాబాదులో ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన 200 వాట్ల కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమయ్యాయి. ప్రసారం సంస్థలదే అయినా, వినడానికి శ్రోత కూడా ఎత్తును వెతుక్కోవలసి వచ్చింది. వాల్వు రేడియోల కాలంలో ఇంటికప్పు మీద వెదురుబొంగులు నిలిపి, వాటి మధ్య ఏరియల్ కట్టి, నేలలోకి ఎర్త్ తీగ దింపడం పల్లెలకు, పట్టణాలకు తెలిసిన దృశ్యమే. ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చి ఏరియల్‌ను పెట్టెలోకి చేర్చేసరికి ఆ ఇంటిపని జ్ఞాపకంగా మిగిలింది. దానిని నేటికీ కొనసాగిస్తున్నవారు హ్యామ్‌లు.

4. పాలకుర్తి ప్రాంతంలో ఎత్తుకు చేరే నేర్పులు

4.1 గడ: సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసమూహాన్ని, వారి పాటలను, ఆటలను విస్తారంగా వర్ణించాడు. జానపద కళల పరిశోధకులకు అది తరగని ఆకరం. గడలెక్కి ఆడే కళాకారుల ప్రస్తావన అందులో ఉంది. పొడవైన కర్రను నిలువునా నిలబెట్టి, దాని కొసన మనిషి బరువును నిలపడం ఒక కళ. కింద నాలుగు దిక్కులా తాళ్ళు బిగించి గడను కదలకుండా ఉంచడం దాని వెనుక ఉండవలసిన సాంకేతికత. హ్యామ్‌లు తాత్కాలిక స్తంభానికి బిగించే ఊతతాళ్ళు చేసేదీ ఇదే పని. కళగా చదివిన వర్ణనను ఒకసారి పనితనంగా కూడా చదవవలసి ఉంది.

4.2 మోకు: జనగామ ప్రాంతం తాటి, ఈత చెట్లకు, గీతవృత్తికి ప్రసిద్ధం. 18వ శతాబ్ది తొలినాళ్ళలో మొగలు అధికారాన్ని ధిక్కరించిన సర్వాయి పాపన్న గీతవృత్తి కుటుంబానికి చెందినవాడు. అతని పేరుతో ముడిపడిన ఖిలాషాపురం నేటి జనగామ జిల్లాలోనే ఉంది. గీతవృత్తి సరంజామాను ‘మోకు, ముస్తాదు’ అని జంటగా పేర్కొనడం వాడుక. మోకు చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే దృఢమైన తాడు. గీతకార్మికుడు శరీరాన్ని వెనక్కు వాల్చి మోకును బిగువుగా ఉంచుతాడు. పాదాలకు వేసుకొన్న బంధంతో మానును అదిమిపట్టి, ఒక్కో అడుగుకు బరువును క్షణకాలం పాదాల మీదికి మార్చి, మోకును పైకి జరుపుతాడు. బరువు, ఘర్షణ, బిగువు అనే మూడింటినీ ఏకకాలంలో లెక్కగట్టే నేర్పు ఇది.

ఏరియల్ దృష్టితో చూస్తే తాటిచెట్టుకు ఒక ప్రత్యేకత ఉంది. ఎదిగిన తాడికి పక్కకొమ్మలు ఉండవు. మట్టల అంచులకు రంపపు పళ్ళవంటి గట్టి ముళ్ళుంటాయి. కిందినుంచి విసిరిన దారం ఆ మట్టల మీద పడితే ఒరుసుకొని తెగుతుంది, లేదా చిక్కుకొంటుంది. అందువల్ల తాడిచెట్టుకు తీగ కట్టాలంటే ఎక్కేవారు కావాలి. కొమ్మలు, పంగలు ఉన్న వేప, చింత, రావి, మర్రి చెట్లకు విసిరే నేర్పు సరిపోతుంది. ఊరి వృక్షసంపదే పద్ధతిని నిర్ణయిస్తుంది.

4.3 వడిసెల: జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి రైతులు వాడిన సాధనం వడిసెల. రెండు తాళ్ళ నడుమ రాయి పట్టే తావు ఉంటుంది. తలచుట్టూ తిప్పి, సరైన క్షణాన ఒక కొసను వదిలితే రాయి వేగంగా గురివైపు వెళుతుంది. 1946 నుంచి సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో ఈ పంటచేని పనిముట్టు గ్రామరక్షణ సాధనమైంది. విసునూరు దేశ్‌ముఖ్ ఆగడాలను ఎదిరించిన పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమిపోరు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరత్వం ఈ పరిసరాలవే. తుపాకులు చేతికి రాకముందు గుత్పలు, వడిసెలలే సంఘానికి ఆయుధాలయ్యాయి. వడిసెలలో కీలకం కండబలం కన్నా వదిలే క్షణం. చెట్టుకొమ్మ మీదుగా బరువు విసిరే హ్యామ్ నేర్చుకోవలసిన మొదటి పాఠమూ అదే.

4.4 గిరక, చాంతాడు: బావిలో నీరు తోడే గిరక తాడు దిశను మార్చి పనిని సులువు చేస్తుంది. చాంతాడు తడికి, ఒరపిడికి తట్టుకొంటుంది. కిందికి దిగే బొక్కెనకూ, పైకి ఎక్కే తీగకూ వర్తించే యంత్రసూత్రం ఒక్కటే.

5. తాడును ఎక్కించే విధానం

పై నేర్పులన్నీ ఏరియల్ కట్టే క్రమంలో ఒకదాని తర్వాత ఒకటి అవసరమవుతాయి. హ్యామ్‌ల అనుభవంలో స్థిరపడిన పద్ధతిని దశలవారీగా ఇలా చెప్పవచ్చు.

మొదటిది చెట్టును చదవడం. అత్యంత ఎత్తైన కొమ్మ కన్నా, బలమైన పంగ ఉండి, విసిరిన బరువు అటువైపు అడ్డు లేకుండా నేలకు దిగే చోటు ముఖ్యం. ఎండుకొమ్మలు పనికిరావు. చుట్టుపక్కల కరెంటు తీగలు ఉంటే ఆ చెట్టును విడిచిపెట్టాలి. తీగ గానీ, దారం గానీ తెగి ఏ వైపు పడినా కరెంటు తీగను తాకలేనంత దూరం ఉండి తీరాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

రెండవది దారాన్ని దాటించడం. ఉండేలు వాడేవారు సుమారు 30 గ్రాముల సీసపు గుండుకు సన్నని నైలాన్ గాలపుదారం కడతారు. చేతితో విసిరేవారు 300 నుంచి 400 గ్రాముల సంచిని తాడు చివర కట్టి, లోలకంలా ఊపి, పైకి లేచే క్షణాన వదులుతారు. బరువు మరీ తక్కువైతే చింతబెరడు గరుకుకు దారం పట్టుకొని గుండు కిందికి దిగదు. దారం చిక్కుపడకుండా వెడల్పాటి బకెట్‌లోనో, పరచిన గుడ్డమీదనో వదులు వదులుగా పోసి ఉంచాలి. గుండు వెళ్ళే దిశలోనూ, అది వెనక్కు తిరిగి రాగల దిశలోనూ మనుషులు నిలబడకూడదు.

మూడవది తాడును ఎదిగించడం. గాలపుదారం తీగను మోయలేదు. దానితో పురికొసను, పురికొసతో తగినంత బలమైన తాడును లాగుతారు. ముడులు లావుగా ఉంటే పంగలో ఇరుక్కుంటాయి కాబట్టి వాటిని సన్నగా, కోసుగా చేసి టేపు చుడతారు. సన్ననిది లావైనదాన్ని పిలుచుకొని వెళ్ళడం ఈ దశలోని కిటుకు.

నాలుగవది గిరక కట్టడం. తాడు చివర గిరకను కట్టి, గిరకలో రెండవ తాడును ముందుగానే దూర్చి, గిరకను పైకి చేరుస్తారు. ఇకపై తీగను దింపాలన్నా, మార్చాలన్నా మళ్ళీ విసరనవసరం లేదు. తాడు కొమ్మను ఒరుసుకోదు. చెట్టు బెరడుకూ గాయం కాదు.

ఐదవది ఊపుకు చోటివ్వడం. గాలికి చెట్టు ఊగుతుంది. రెండు చెట్ల మధ్య తీగను బిగించి కడితే మొదటి గాలివానకే తెగుతుంది. అందుకే గిరక నుంచి దిగిన తాడు కొసను ముడివేయకుండా దానికి ఒక బరువును వేలాడదీస్తారు. చెట్టు ఊగినప్పుడు ఆ బరువు లేస్తూ దిగుతూ బిగువును సమంగా ఉంచుతుంది. పిడుగుల కాలంలో కేబుల్‌ను యంత్రం నుంచి విడదీసి, ఇంటి వెలుపలే ఎర్త్‌కు కలపడం చివరి జాగ్రత్త.

ఈ ఐదు దశలలో ఎక్కడా మనిషి నేలను విడిచిపెట్టలేదు. మనిషిని ఎక్కించే మార్గానికీ, తాడును ఎక్కించే మార్గానికీ ఉన్న అసలు భేదం ఇది. మొదటిదానిలో పొరపాటుకు మూల్యం ప్రాణం. రెండవదానిలో సాధారణంగా ఒక గుండు, కొంత దారం.

6. విపత్తువేళ తీగ

ఈ నేర్పు సరదా పనిగా కనిపించవచ్చు. విపత్తు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దేశంలో హ్యామ్ శిక్షణకు, అత్యవసర సమాచార సేవకు ముఖ్యకేంద్రాలలో ఒకటి. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్‌బ్లెయిర్ చేరి, వి.యు.4 ఆర్.బి.ఐ. అనే పిలుపుగుర్తుతో అండమాన్ నుంచి ప్రపంచ హ్యామ్‌లతో సంభాషించసాగింది. చాలా ఏళ్ళ విరామం తర్వాత ఆ దీవులు ఔత్సాహిక తరంగాలపై వినిపించాయి. డిసెంబరు 26 ఉదయం సునామీ విరుచుకుపడింది. సాధారణ సంబంధాలు తెగినవేళ, అభిరుచి కోసం నిలిపిన కేంద్రం అత్యవసర కేంద్రంగా మారి, దీవులలోని బాధితుల క్షేమసమాచారాన్ని ప్రధానభూమికి చేర్చింది. ఏరియల్ అప్పటికే పైన ఉండటం ఆ సేవకు తొలి అనుకూలత.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు చెట్లు, విద్యుత్ స్తంభాలు కూలి, మొబైల్ వ్యవస్థ స్తంభించింది. అప్పుడు కూడా హైదరాబాదు హ్యామ్‌లు సమాచార సేవకు వెళ్ళారు. ఇటువంటి సందర్భాలలో ఎదురయ్యే చిక్కు గమనించదగ్గది. ఏ గాలి టవర్లను నిరుపయోగం చేస్తుందో, ఆ గాలే చెట్లనూ కూలుస్తుంది. మిగిలిన చెట్లలో ఏది నమ్మదగినదో, ఏ కొమ్మ లోపల విరిగి ఉందో బయటినుంచి వచ్చిన హ్యామ్‌కు తెలియదు. ఆ ఊరివారికి తెలుస్తుంది. రెండవ విభాగంలో చెప్పినట్లు, జిల్లా కేంద్రానికో రాజధానికో మాట చేర్చడానికి 5 నుంచి 10 మీటర్ల ఎత్తు చాలు. బ్యాటరీ, చిన్న యంత్రం, 20 మీటర్ల తీగ, వాటితోపాటు తాడు విసరగల ఒక స్థానికుడు ఉంటే ఊరు తిరిగి మాట్లాడగలదు. విపత్తు సన్నద్ధత శిక్షణలలో యంత్రం నడపడంతోపాటు తాడు ఎక్కించడాన్ని కూడా పాఠంగా చేర్చవలసిన అవసరం ఇక్కడే ఉంది.

7. ఎత్తు ఎవరి శ్రమ? ఏ భాషలో?

తాటిచెట్టు మీదినుంచి పడి ప్రాణాలు, కాళ్ళు, నడుములు కోల్పోయిన గీతకార్మికుల వార్తలు తెలంగాణలో కొత్తవి కావు. 2024 జూలై 14న తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ పేరుతో భద్రతా కిట్ల పంపిణీని ప్రారంభించింది. గౌడుల ఇలవేల్పు పేరు పెట్టుకొన్న ఈ కిట్టు పర్వతారోహకుల తాళ్ళ పద్ధతిని మోకు దగ్గరకు తెచ్చింది. మోకు నుంచి నేర్చుకోవలసినది పర్వతారోహకునికీ ఉంది, అతని కొక్కెం నుంచి తీసుకోవలసినది గీతకార్మికునికీ ఉంది. ఒకవైపు నుంచే జ్ఞానం ప్రవహిస్తుందన్న భావన మాత్రం చెల్లదు.

ఇందులో హ్యామ్‌లకు, విద్యాసంస్థలకు వర్తించే నైతిక విషయం ఒకటి ఉంది. తాడిచెట్టుకు ఏరియల్ కట్టించుకోదలచినవారు దానిని చేబదులు సాయంగా అడగడం తగదు. అది ప్రాణాపాయంతో కూడిన నిపుణుని పని. తగిన వేతనం, భద్రతా పరికరం, పని చేసినవాని పేరు నమోదు – ఈ మూడూ ఉండాలి. విసరడంతో జరిగే పనికి మనిషిని ఎక్కించకపోవడం అన్నిటికన్నా మేలు. రేడియో చరిత్ర మాట్లాడినవారి పేర్లను, విన్నవారి పేర్లను భద్రపరిచింది. తీగ కట్టినవారి పేర్లను భద్రపరచడం ఇకనైనా మొదలుకావాలి.

రెండవ అంశం భాష. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తిపదకోశాలను వెలువరించింది. వృత్తివారి నోటి మాటను శాస్త్రీయంగా సేకరించడం ఎలాగో ఆ సంపుటాలు చూపాయి. వాటి ఉపయోగాన్ని మనం ఎక్కువగా భాషాశాస్త్ర పరిధిలోనే చూశాం. కొత్త సాంకేతికతకు తెలుగు పదాలు కావలసివచ్చినప్పుడు సంస్కృత సమాసాలను కల్పించడమో, ఆంగ్లపదాన్ని యథాతథంగా నిలపడమో చేస్తున్నాం. ఏరియల్, కేబుల్, ఇన్సులేటర్ వంటివి జనం నోట నిలిచిన మాటలు; వాటిని మార్చనక్కరలేదు. కానీ తాడు, ముడి, గిరక, పంగ, ఊత, బిగువు, వదులు, ఒరపిడి వంటి పనిమాటలు మనకు పుష్కలంగా ఉండగా, ఏరియల్ కట్టే పద్ధతిని ఆంగ్లంలోనే చదువుకోవలసిన స్థితి ఉండనక్కరలేదు. ఐదవ విభాగంలోని వివరణ ప్రధానంగా ఆ మాటలతోనే సాగడం ఇందుకు నిదర్శనం.

సోమనాథుని జానుతెనుగును మనం ఛందస్సు, శైలి, మతోద్యమం కోణాల నుంచి విస్తృతంగా చర్చించాం. అందరికీ అందే భాషలో గంభీరమైన విషయాన్ని చెప్పడం దాని సారమైతే, ఆ సారం సాంకేతిక రచనకూ వర్తిస్తుంది. బసవపురాణంలో కుమ్మరి, చాకలి, వేటగాడు భక్తులుగా గౌరవం పొందారు. వారి చేతిపనికి సంబంధించిన జ్ఞానానికి కూడా అదే గౌరవం ఇవ్వడం పరిశోధకుల వంతు.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. 1901 నాటి గాలిపటం మొదలు నేటి చెట్టుకొమ్మ దాకా, రేడియో చరిత్రలో తీగకు ఎత్తును సాధించడం యంత్రనిర్మాణంతో సమానమైన సమస్యగానే ఉంది.

2. ఏరియల్ ఎత్తు మాట చేరవలసిన దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ప్రాంతీయ విపత్తు సమాచారానికి ఊరిచెట్ల మధ్యరకం ఎత్తు సరిపోతుంది.

3. గడ, మోకు, వడిసెల, గిరకలలో ఇమిడి ఉన్న నేర్పులు చెట్టుకు ఏరియల్ కట్టే పనిలోని అవసరాలకు చాలావరకు సరిపోతాయి. తాడిచెట్టుకు ఎక్కే నేర్పు, కొమ్మల చెట్టుకు విసిరే నేర్పు తగినవి.

4. మనిషిని ఎక్కించడం కన్నా తాడును ఎక్కించడం సురక్షితం. తప్పనిసరిగా ఎక్కవలసివస్తే గీతకార్మికుని నైపుణ్యానికి వేతనం, భద్రత, గుర్తింపు దక్కాలి.

5. వృత్తిపదాలు గడిచిన కాలపు గుర్తులు మాత్రమే కావు; వర్తమాన సాంకేతికతను తెలుగులో బోధించడానికి సిద్ధంగా ఉన్న పరికరాలు.

పాలకుర్తి పరిసరాల్లో మోకు పట్టిన తరం వయసు మీరుతోంది. వడిసెల ఇప్పటికే అపురూపమైంది. ఆ చేతులను అడిగి రాసుకొనే వ్యవధి కొద్దిగానే మిగిలింది. గీతవృత్తి పదాలను, తాళ్ళ ముడుల పేర్లను, చెట్టును అంచనా వేసే పద్ధతులను దృశ్య, శ్రవణ రూపాలలో సేకరించడం తెలుగు శాఖలు, భౌతికశాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన క్షేత్రపరిశోధన. ఒక కళాశాల ఆవరణలోని వేపచెట్టు, 20 మీటర్ల తీగ, ఊరిలోని ఒక గీతకార్మికుని సలహాతో ఆ పని మొదలుకావచ్చు.